వాట్సాప్ హ్యాక్ అయితే మళ్లీ తెచ్చుకోవడం ఎలా?

వాట్సాప్ ఉన్నట్టుండి లాగౌట్ అయిపోతుంది. తెరిస్తే మీ నంబర్ వేరే ఫోన్‌లో రిజిస్టర్ అయిందని చూపిస్తుంది. ఈలోగా మీ పేరుతో చుట్టాలందరికీ "మామయ్యా, అర్జెంట్‌గా 20 వేలు పంపు, సాయంత్రం ఇచ్చేస్తా" అని మెసేజ్‌లు వెళ్తుంటాయి. ఆ టెన్షన్‌లో చాలామంది యాప్ తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తారు. దయచేసి అలా చేయకండి. బ్యాకప్ లేకపోతే పాత చాట్‌లు పోతాయి, పైగా దానివల్ల దొంగ బయటకు పోడు.

మీ అకౌంట్‌కు తాళంచెవి మీ నంబర్‌కు వచ్చే 6 అంకెల కోడే. ఆ కోడ్ దొంగకు కూడా చేరుతుంటే మీరు ఎన్నిసార్లు తెచ్చుకున్నా అకౌంట్ మళ్లీ పోతుంది. అందుకే ముందు నంబర్ సంగతి చూసుకోవాలి, వాట్సాప్ ఆ తర్వాతే.

ముందు ఫోన్లు చేయండి

ఇంట్లోవాళ్లకు, దగ్గరివాళ్లకు మామూలు కాల్ చేసి చెప్పండి. ఫ్యామిలీ గ్రూప్‌లో మరొకరి చేత వాయిస్ మెసేజ్ పెట్టించండి. అడ్మిన్‌కు చెప్పి మీ నంబర్‌ను గ్రూప్‌ల నుంచి తాత్కాలికంగా తీయించండి. ఎవరైనా అప్పటికే డబ్బు పంపేసి ఉంటే మిగతా పనులన్నీ పక్కన పెట్టి, పంపినవాళ్ల చేత వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయించండి. డబ్బు ఆ ఖాతా నుంచి ఇంకో ఖాతాకు మారకముందే ఆపించగలిగితేనే దొరికే అవకాశం ఉంటుంది.

నంబర్ మీ చేతిలోనే ఉందా?

సిగ్నల్ ఉందో లేదో చూడండి. ఊళ్లో అందరి ఫోన్లూ పనిచేస్తూ మీ ఒక్క సిమ్ చచ్చిపోయి ఉంటే, మీ పేరుతో ఎవరైనా కొత్త సిమ్ తీసుకున్నారేమో అనుమానించాలి. ఆధార్ పట్టుకుని వెంటనే మీ సిమ్ కంపెనీ స్టోర్‌కు వెళ్లండి. బ్యాంకుకూ ఒక మాట చెప్పండి.

తర్వాత కాల్ ఫార్వర్డింగ్. కొరియర్ వాళ్లమంటూ ఫోన్ చేసి, స్టార్‌తో మొదలయ్యే నంబర్ ఏదైనా మీ చేత డయల్ చేయించారా? అలా చేస్తే మీ కాల్స్ వాళ్లకు మళ్లుతాయి. వాట్సాప్ కోడ్ కాల్ రూపంలో కూడా వస్తుంది కాబట్టి వాళ్లు హాయిగా వినేస్తారు. ##002# డయల్ చేస్తే ఫార్వర్డింగ్ రద్దవుతుంది. పనిచేయకపోతే కస్టమర్ కేర్‌కు చెప్పి తీయించండి.

అన్నిటికంటే ప్రమాదం ఏపీకే ఫైల్, అంటే ప్లే స్టోర్‌తో పనిలేకుండా నేరుగా ఫోన్‌లో వేసుకునే యాప్ ఫైల్. పెళ్లి పత్రిక అనో, ట్రాఫిక్ చలాన్ అనో, పీఎం కిసాన్ అనో వాట్సాప్‌లోనే వస్తుంది. నొక్కితే ఇన్‌స్టాల్ అయి ఎస్ఎంఎస్‌లు చదివే అనుమతి అడుగుతుంది. ఒప్పుకున్నాక కొన్నిసార్లు దాని ఐకాన్ కూడా కనబడదు. మీ ఫోన్‌కు వచ్చే ప్రతి ఓటీపీ అటు వెళ్తూనే ఉంటుంది, బ్యాంకువి కూడా. అలాంటిది వేసుకున్నారనిపిస్తే వైఫై, డేటా ఆపి సిమ్ బయటకు తీయండి. ఇంట్లో పాత కీప్యాడ్ ఫోన్ ఉంటే దాంట్లో వేయండి, సిగ్నల్ వస్తే ఎస్ఎంఎస్‌కు అది చాలు (జియో సిమ్ అయితే పాత 2జీ ఫోన్‌లో పనిచేయదు). కోడ్ దాంట్లో చూసి, నమ్మకమైన వేరే స్మార్ట్‌ఫోన్‌లో వాట్సాప్ తెరవండి. పాత ఫోన్ నుంచి ఫొటోలు మాత్రం కాపీ చేసుకుని ఫ్యాక్టరీ రీసెట్ చేయించండి.

ఇప్పుడు వాట్సాప్

యాప్‌లో మీ నంబర్ ఇచ్చి, వచ్చిన కోడ్ కొట్టండి. ఆ క్షణంలోనే దొంగ ఫోన్‌లో వాట్సాప్ లాగౌట్ అవుతుంది. పాత చాట్‌లు మీ ఫోన్‌లోనే ఉంటాయి కాబట్టి కేవలం నంబర్‌తో లాగిన్ అయినవాడికి అవి కనిపించవు.

మీరు ఎప్పుడూ పెట్టని పిన్ అడిగితే కంగారు పడకండి. దొంగ టూ-స్టెప్ వెరిఫికేషన్, అంటే కోడ్ తర్వాత అడిగే రెండో పిన్, పెట్టాడని అర్థం. 7 రోజులు ఆగితే పిన్ లేకుండానే లోపలికి వెళ్లవచ్చు. ఎస్ఎంఎస్ కోడ్ కొట్టారు కాబట్టి ఆ 7 రోజులూ వాడు కూడా బయటే ఉంటాడు. కోడ్ కోసం ఫలానా గంటలు ఆగమని చూపిస్తే ఆగాల్సిందే, మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తే గడువు ఇంకా పెరుగుతుంది.

కొందరికి వాట్సాప్ మామూలుగానే పనిచేస్తుంది, కానీ వాళ్లు పంపని మెసేజ్‌లు వెళ్తుంటాయి. వాళ్లు వాట్సాప్‌లో లింక్డ్ డివైసెస్ (మీ అకౌంట్ ఇంకా ఎక్కడెక్కడ తెరిచి ఉందో చూపే జాబితా) తెరిచి చూడాలి. తెలియని కంప్యూటర్ పేరు అక్కడ కనబడితే దాని మీద నొక్కి లాగౌట్ చేయండి. ఇలా లింక్ చేసినవాడికి మాత్రం మీ చాట్‌లు కనిపించి ఉంటాయి. వాటిలో కార్డు ఫొటోలో, పాస్‌వర్డ్‌లో ఉంటే మార్చేయండి.

అకౌంట్ చేతికి రాగానే సెట్టింగ్స్, అకౌంట్‌లోకి వెళ్లి టూ-స్టెప్ పిన్ పెట్టుకోండి, ఈమెయిల్ కూడా ఇవ్వండి. పిన్ మర్చిపోతే 7 రోజులు ఆగకుండా ఆ ఈమెయిల్‌తో మార్చుకోవచ్చు. డబ్బులిస్తే రికవరీ చేస్తామని వచ్చేవాళ్లకు పైసా ఇవ్వకండి, కోడ్ అసలే చెప్పకండి.

అమెరికాలో, గల్ఫ్‌లో ఉంటూ ఇండియా నంబర్ మీదే వాట్సాప్ వాడుతున్నవాళ్లకు ఒక మాట. ఆ సిమ్ ఇక్కడ రీఛార్జ్ లేక మూలన పడి ఉంటే, అవసరమైన రోజున కోడ్ రాదు. ఎక్కువ కాలం వదిలేస్తే ఆ నంబర్ కంపెనీ వేరొకరికి ఇచ్చేయవచ్చు కూడా. సిమ్‌ను బతికించుకోండి, లేదా వాట్సాప్‌లోని చేంజ్ నంబర్‌తో అక్కడి నంబర్‌కు మారిపోండి.