చీము పైపు, పాలకేంద్రం లెక్క

తోతాపురి కోతల్లో కొమ్మ విరిగి మా తమ్ముడు కుడి పక్కటెముకల మీద పడ్డాడు. కాలేయం చిట్లింది. రక్తం దానంతట అదే ఆగింది కాబట్టి ఆపరేషన్ వద్దన్నారు. మూడో వారంలో చలిజ్వరం పట్టుకుంది. రక్తం అందక చచ్చిన కాలేయపు కండలో చీము చేరిందని సీటీ స్కాన్‌లో తేలింది. తిరుపతిలో పొట్ట కోయకుండా, పక్కన మొద్దుబార్చి, స్కాన్‌లో చూస్తూ 12 ఫ్రెంచ్ పైపు పెట్టారు. పైపు లావును ఫ్రెంచ్‌లలో కొలుస్తారు. మూడు ఫ్రెంచ్‌లు ఒక మిల్లీమీటరు, అంటే నాలుగు మిల్లీమీటర్ల లావు.

ఆ పైపు, దాని చివర చీము పట్టే సంచి, మధ్యలో చిన్న కుళాయితోనే చిత్తూరు దగ్గర మా ఊరికి పంపారు. అసలు పని ఇంట్లోనే ఉంది.

మాకు రోజుకు రెండుసార్లు ఆ పైపులోకి 10 మిల్లీలీటర్ల సెలైన్ ఎక్కించమని రాశారు. మీకు రాసిందే మీరు చేయండి. చేతులు సబ్బుతో కడిగి, పైపు మూతిని స్పిరిట్ దూదితో తుడిచి, సిరంజిని మెల్లగా నొక్కాలి. బిగిసినా, నొప్పి అన్నా ఆపేయాలి, బలం చూపించకూడదు. తర్వాత చిన్న కుళాయిని మళ్లీ సంచి వైపు తిప్పాలి. ఒక రాత్రి నేను మరిచిపోయాను. పొద్దున సంచి ఖాళీగా కనిపిస్తే, తగ్గిపోయిందని కాఫీ కూడా తాగాను. తొమ్మిదింటికి వాడు వణకడం మొదలుపెట్టాకే కుళాయి చూశాను. అలాంటప్పుడు కుళాయి తిప్పి ఊరుకోకుండా ఆసుపత్రికి ఫోను చేయాలి.

సంచి మీది గీతలను నమ్మకుండా కొలజాడీలో పోసి చూడండి. నేను పాలకేంద్రంలో లెక్కలు రాసేవాణ్ణి. నీళ్లు కలిస్తే వదలను. ఎక్కించిన 20 మిల్లీలీటర్లు తీసేసి రాయాలి. 45 వస్తే చీము 25 మాత్రమే. పక్కనే రంగు కూడా రాయండి. ఆకుపచ్చగా మారితే పైత్యరసం కారుతున్నట్టు, ఎర్రగా వస్తే రక్తం. రెండింటికీ వెంటనే బయలుదేరాలి.

బస్సులో సంచిని ఒళ్లో పెట్టుకోవద్దు, నడుము కిందే ఉండాలి.

కండ ముక్కలు అడ్డం పడితే లావు పైపు మారుస్తారు. మావాడికి 14 వేశారు. అదీ చాలకపోతే అదే దారిలో కెమెరా గొట్టం పంపి ముక్కలు తీస్తారట, మాకు ఆ అవసరం రాలేదు.

రోజుకు 10 మిల్లీలీటర్ల లోపు వస్తూ, జ్వరం లేక, స్కాన్‌లో గుంట ముడుచుకున్నాకే పైపు తీశారు. రంధ్రం రెండు రోజులు తడిగా ఉంది, గాజుగుడ్డ మార్చాం.