సంక్రాంతికి జయపురం నుంచి ఘాట్ దిగేవాళ్లకు

పండక్కి కొరాపుట్, సుంకి మీదుగా సాలూరు దిగి విజయనగరం వైపు వెళ్లేవాళ్లు బండి తీసే ముందు ఇవి చూసుకోండి.

– డీజిల్ మిగులుతుందని న్యూట్రల్‌లో దింపొద్దు. భారమంతా బ్రేకుల మీదే పడి, వేడెక్కి, కింది మలుపుల్లో పట్టవు. సెకండ్ గేరులో దిగండి. కాలిన వాసనొస్తే వెడల్పు చోట ఆపి చల్లారనివ్వండి, చక్రాల మీద నీళ్లు పోయొద్దు.

– ఆగాల్సింది మనం అనుకున్న చోట కాదు, పిల్లలకు కడుపులో తిప్పిన చోట! మా చిన్నది గట్టిగా పది మలుపులు కూడా ఆగదు. వాంతుల మాత్ర బయల్దేరే ముందే వెయ్యాలి, వాంతయ్యాక వేస్తే నిలవదు. కవర్లు డిక్కీలో కాదు, చేతికందేలా ఉండాలి. మలుపులో మాత్రం ఆపొద్దు, వెనక లారీకి మీరు కనపడరు.

– చక్రం కింద రాయి పెడితే, వెళ్లేటప్పుడు తీసెయ్యండి. లారీవాళ్లు వదిలేసిన రాయికే పోయినేడు మా టైరు పోయింది.

– స్టెప్నీలో గాలి.

– పొల్యూషన్ సర్టిఫికెట్ తేదీ. లేకుంటే చట్టప్రకారం 10,000 రూపాయల దాకా జరిమానా.

– తెల్లారకుండా బయల్దేరొద్దు. సెమిలిగుడ దగ్గర మంచు కమ్మితే బానెట్ కూడా కనపడదు. హైబీమ్ వేస్తే ఇంకా తెల్లగా అయిపోతుంది.

– చిల్లర నోట్లు. సిగ్నల్ లేనిచోట టీ కొట్టులో స్కానరున్నా దండగే.