వానాకాలంలో చెరువు కట్టని ఎలా కాపాడుకోవాలి

కట్ట తెగే ముందు చాలాసార్లు మనకి చెప్తుందండి, మనమే చూడం. గట్టి వాన పడ్డాక పొద్దున్నే కట్ట మీద కాదు, బయటివైపు అడుగున నడవండి, ఎక్కడైనా నీళ్లు ఊరుతుంటే గాజు గ్లాసులో పట్టి చూడండి. తేటగా ఉంటే అక్కడ పుల్ల పాతి రోజూ చూస్కోండి, ఊట పెరుగుతోందా లేదా అని, కానీ మట్టి రంగులో వస్తోందంటే లోపల కట్ట కొట్టుకుపోతున్నట్టే, వెంటనే ఇరిగేషన్ ఏఈకి (అసిస్టెంట్ ఇంజనీర్‌కి) ఫోన్ చేసి కింద ఇళ్లవాళ్లని ఖాళీ చేయించండి.

చాలామంది నీళ్లు ఊరే ఆ బుంగలో గుడ్డలు కుక్కుతారు, అది తప్పు, నీళ్లు పక్కన ఇంకో దారి చూసుకుంటాయి. చుట్టూ ఇసుక బస్తాలు గుండ్రంగా పేర్చి లోపల ముందు ఇసుక, పైన కంకర పోయాలి. నీళ్లు పోవాలి, మట్టి ఆగాలి.

అలుగు మీద, అంటే చెరువు నిండాక ఎక్కువ నీళ్లు బయటికి పోయే చోట, బస్తాలు, చేపల వలలు పెట్టొద్దు ప్లీజ్. ఆ దారి మూసుకుపోయి నీళ్లు కట్ట మీంచి పొర్లితే మట్టి ఆగదు, 2021 నవంబర్‌లో చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట అలాగే పోయింది, ఎన్ని ప్రాణాలో.

ఎండాకాలంలో తుమ్మమొక్కలు చిన్నగా ఉన్నప్పుడే వేళ్లతో సహా పీకేయండి, ఎలుక బొరియలు, ఎండ్రకాయ బొరియలు తవ్వి బంకమట్టి పొరలు పొరలుగా దిమ్మిసతో కొట్టండి.