నలుగురు కలిసి వాడుకోవడానికి పాత రేంజ్‌ఫైండర్ కెమెరా కొంటున్నారా? అయితే ఇది చదివి కొనండి

అనంతపురంలో మేం నలుగురం ఫొటోల పిచ్చోళ్ళం ఉన్నాం. తలా రెండు వేలు వేసుకుని, ఎనిమిది వేలలో ఒక పాత ఫిల్మ్ కెమెరా కొని వంతులవారీగా వాడుకుందామని మొదలుపెట్టాం. కొన్న మొదటి కెమెరా పది రోజుల్లోనే షోకేస్ ఎక్కింది. రెండోది ఏడాదిన్నరగా చేతులు మారుతూ తిరుగుతోంది. ఈ రెంటి మధ్యా మాకు తెలిసొచ్చిన సంగతులే ఇవి.

ఉమ్మడి గొర్రె పుచ్చి చచ్చిందని మన పెద్దలు ఊరికే అనలేదు. మన ఒక్కరి కెమెరా అయితే దాని తిక్కలన్నీ మనకు అలవాటైపోతాయి, ఎక్కడ మెల్లగా తిప్పాలో ఎక్కడ గట్టిగా నొక్కాలో చేతికే తెలుస్తుంది. నలుగురి కెమెరాకు ఆ వెసులుబాటు లేదు. కాబట్టి ఏ లెన్స్ గొప్పది అనే చర్చ పక్కన పెట్టి రెండే ప్రశ్నలు వేసుకోండి. మీలో అందరికంటే మతిమరుపు మనిషి చేతిలో పెట్టినా ఇది చెడకుండా ఉంటుందా? బ్యాటరీ అయిపోతే ఫొటో పడుతుందా, పడదా?

ముందు అసలు మీరు కొనేది రేంజ్‌ఫైండరేనా అని చూసుకోండి. నవ్వకండి, మేం మోసపోయింది అక్కడే. రేంజ్‌ఫైండర్‌లో కన్ను పెట్టి చూస్తే మధ్యలో చిన్న పసుపు గడి ఒకటి కనిపిస్తుంది, ఆ గడిలో బొమ్మ రెండుగా ఉంటుంది, ఫోకస్ రింగు తిప్పుతుంటే ఆ రెండూ దగ్గరికొచ్చి ఒకటవుతాయి, ఒకటైనప్పుడు ఫోకస్ కుదిరినట్టు. ఆ గడి లేకపోతే అది రేంజ్‌ఫైండర్ కాదు, దూరం మీరే అంచనా వేసుకుని తిప్పుకునే రకం. ఒలింపస్ ట్రిప్ 35 అలాంటిదే, చాలా మంచి కెమెరా, కానీ రేంజ్‌ఫైండర్ కాదు. మాకు అమ్మినాయన వేరే ఏదో మోడల్‌కు రేంజ్‌ఫైండర్ అని రాశాడు, మేమూ ఫొటోలో కెమెరా ముందువైపు ఉన్న చిన్న అద్దపు కిటికీలు చూసి నమ్మేశాం, పార్సిల్ విప్పాక గడి కోసం వెతికితే ఎక్కడుంది?

ఆన్‌లైన్‌లో వెతికే ముందు ఇళ్ళల్లో అడగండి. పాత ఉమ్మడి కడప జిల్లాలో, ముఖ్యంగా రాయచోటి, రాజంపేట వైపు, కోయిటకు (కువైట్‌కు) పోయొచ్చిన మనిషి లేని వీధి ఉండదు. ఆ రోజుల్లో వాళ్ళు టేప్‌రికార్డర్‌తో పాటు కెమెరా కూడా తెచ్చుకునేవాళ్ళు. మా రెండో కెమెరా అలాంటి ఒక మామ ఇంట్లో బీరువా పైఅరలో, పెళ్ళి పట్టుచీరల కింద దొరికింది. డబ్బు వద్దన్నాడు గానీ, మేం బలవంతంగా మూడు వేలు చేతిలో పెట్టాం. మిగిలిన డబ్బు ఫిల్ముకూ, సర్వీసుకూ సరిపోయింది. ఇలా దొరికినదాంట్లో ఇంకో లాభం ఏమిటంటే కొనకముందే చేత్తో పట్టుకుని చూడొచ్చు.

ఇక మోడళ్ళు. లైకా గురించి కలలు కనొద్దు, అది లక్షల యవ్వారం. బంగారు పూతతో, ఏదో ముద్రతో, చవగ్గా లైకా అమ్ముతున్నామంటే అది సోవియట్ ఫెడ్‌కో జోర్కీకో వేషం వేసిందే.

యాషికా ఎలక్ట్రో 35 ఎక్కువగా దొరుకుతుంది. 1960ల మధ్యలో మొదలై చాలా మోడళ్ళు వచ్చాయి, జీఎస్ఎన్ అనేది 1973ది. 45 ఎంఎం, ఎఫ్1.7 లెన్స్ (ఎఫ్ పక్కన అంకె ఎంత చిన్నదైతే లెన్స్ అంత ఎక్కువ వెలుతురు తీసుకుంటుంది). మీరు అపర్చర్ (లెన్స్ ఎంత తెరుచుకోవాలో చెప్పే ఆ ఎఫ్ అంకె) పెడితే షట్టర్ స్పీడ్ (షట్టర్ ఎంతసేపు తెరుచుకుని ఉండాలో) అదే చూసుకుంటుంది. వెలుతురు ఎక్కువైతే ఎర్ర బాణం, షట్టర్ నెమ్మదైతే పసుపు బాణం వెలుగుతుంది, అది చూపినవైపు రింగు తిప్పితే చాలు, కాబట్టి కొత్తవాళ్ళకు అర గంటలో నేర్పేయొచ్చు. చిక్కు ఏమిటంటే షట్టర్ మొత్తం బ్యాటరీ మీదే ఆధారపడి ఉంటుంది, అది పోతే 1/500 (సెకనులో ఐదువందలో వంతు) ఒక్కటే పనిచేస్తుంది. కోనసీమ కొబ్బరితోటలో అయితే అది పెద్ద కష్టం. మన దగ్గర మిట్టమధ్యాహ్నం 400 స్పీడ్ ఫిల్మ్ (ఈ అంకె పెరిగేకొద్దీ తక్కువ వెలుతురు చాలు) వేసుకుని ఎఫ్16 పెడితే 1/500 సరిగ్గా సరిపోతుంది, అనంతపురం ఎండ వల్ల జరిగిన మేలు ఇదొక్కటే అనుకుంటా. కొనేటప్పుడు కెమెరాను చెవి దగ్గర పెట్టుకుని వైండింగ్ లీవర్ (ఫిల్మ్ జరిపే మీట) తిప్పండి, లోపల టక్‌మని చిన్న చప్పుడు రావాలి. రాకపోతే లోపలి చిన్న రబ్బరు ముక్క అరిగి కరిగిపోయిందని అర్థం, అప్పుడు ఎక్స్‌పోజర్ (ఫిల్మ్ మీద పడే వెలుతురు లెక్క) గాడి తప్పుతుంది. దాన్ని బాగుచెయ్యాలంటే విప్పాల్సిందే.

కెనాన్ కెనానెట్ క్యూఎల్17 జీ3, ఇది 1972ది, 40 ఎంఎం ఎఫ్1.7. నన్నడిగితే ఉమ్మడికి ఇదే మొదటి మాట. ఆటో మోడ్‌లో పెట్టుకోవచ్చు, మాన్యువల్‌లోనూ 1/4 నుంచి 1/500 దాకా అన్ని స్పీడ్లూ బ్యాటరీ లేకుండానే పనిచేస్తాయి, వెలుతురు కొలిచే మీటర్ మాత్రం ఉండదు. ఫిల్మ్ లోడింగ్ ఎంత సులువంటే కొస లాగి గుర్తు దాకా పెట్టి తలుపు మూస్తే అయిపోయింది. నలుగురిలో ఒకరికి ఎప్పుడూ ఫిల్మ్ జారిపోతూ ఉంటుంది, మా స్టూడియో అన్న అయితే ఒకసారి ముప్పై ఆరు ఫొటోలు తీశాక చూస్తే ఫిల్మ్ కదలనే లేదు, అలాంటి గుంపుకు ఇది వరం. దీనిలో ఎక్కువగా వచ్చే జబ్బు షట్టర్ రెక్కలకు నూనె అంటి అతుక్కుపోవడం. ధర మాత్రం యాషికా కంటే ఎక్కువే చెబుతారు.

ఒలింపస్ 35 ఆర్‌సీ జేబులో పట్టేంత చిన్నది, 42 ఎంఎం ఎఫ్2.8, అదీ బ్యాటరీ లేకుండా మాన్యువల్‌లో నడుస్తుంది. లేపాక్షి మండపంలో పైకప్పు చిత్రాలు తియ్యాలంటే ఎఫ్2.8 కాస్త ఇబ్బంది పెడుతుంది గానీ బయట తిరిగేవాళ్ళకు హాయి.

సోవియట్ జోర్కీ 4, ఫెడ్ చవగ్గా వస్తాయి, లెన్స్ మార్చుకోవచ్చు, బ్యాటరీ ఊసే లేదు. అయినా ఉమ్మడికి వద్దంటాను. జోర్కీలో వైండ్ చేసిన తర్వాతే స్పీడ్ మార్చాలి, ముందే మార్చారంటే లోపలి మెకానిజం దెబ్బతినొచ్చు, ఈ ఒక్క రూలు నలుగురిలో ఎవరో ఒకరు మర్చిపోతారు. రెండోది, వీటి షట్టర్ గుడ్డది. భూతద్దంతో కాగితం కాల్చినట్టే, మూత తీసిన లెన్స్ సూర్యుడివైపు ఉండిపోతే ఆ గుడ్డకు చిల్లు పడుతుంది. మెడలో వేలాడేసుకుని ఏప్రిల్‌లో గుత్తి కోట ఎక్కేవాళ్ళకు ఇది ఊరికే చెప్పే భయం కాదు. పైన చెప్పిన జపాన్ కెమెరాలకు షట్టర్ లెన్స్ లోపల లోహపు రెక్కలుగా ఉంటుంది కాబట్టి ఈ గొడవ లేదు.

ఒక మాట మాత్రం గట్టిగా చెబుతాను, మోడల్ కంటే కండిషన్ ముఖ్యం. బాగున్న ఆర్‌సీ, చెడిపోయిన కెనానెట్ కంటే నయం. అన్‌టెస్టెడ్ అని రాశారంటే చెడిపోయిందనే చదువుకోండి. దూరం నుంచి తెప్పించుకుంటుంటే వెనక తలుపు తీసి అన్ని స్పీడ్లలోనూ షట్టర్ కొట్టే వీడియో అడగండి, సాకులు చెబితే వదిలెయ్యండి.

చేతికొచ్చాక చూడాల్సినవి. తలుపు తీసి, షట్టర్ బీ (నొక్కినంతసేపూ తెరుచుకునే ఉండే సెట్టింగు) మీద పెట్టి నొక్కిపట్టి, ఫోన్ టార్చి లెన్స్‌లోంచి వెయ్యండి. సాలెగూడులాంటి దారాలు కనిపిస్తే ఫంగస్. మన పొడి ఊళ్ళల్లో తక్కువే, కానీ తోలు కవర్లో ఏళ్ళ తరబడి పెట్టినవాటికీ, సముద్రం పక్క ఊళ్ళ నుంచి వచ్చినవాటికీ ఉంటుంది. రెండు మూడు దుమ్ము రేణువులకు కంగారు పడొద్దు. షట్టర్ స్పీడ్లు నిజమో కాదో ఫోన్ స్లో మోషన్‌లో తెలిసిపోతుంది. 240 ఫ్రేముల వీడియోలో 1/30 అంటే సుమారు ఎనిమిది ఫ్రేముల పాటు షట్టర్ తెరుచుకుని ఉండాలి, ఇరవై ఉందంటే రెక్కలు బద్ధకిస్తున్నట్టే. యాషికా తన స్పీడ్ తానే చూసుకుంటుంది కాబట్టి దానికి ఈ లెక్క కుదరదు.

ఫోకస్ చూడటానికి మిద్దె ఎక్కండి. కిలోమీటరుకు పైగా దూరంలో ఉన్న సెల్ టవర్ చూసి రింగును అనంతం గుర్తు దాకా తిప్పండి, గడిలో టవర్ ఒకటిగా కనిపించాలి. పక్కకు తేడా ఉంటే సరిచేయించుకోవచ్చు, పైకీ కిందికీ తేడా ఉంటే అది కూడా సరవుతుంది గానీ కాస్త ఓపిక కావాలి, ధర తగ్గించమనడానికి మాత్రం పనికొస్తుంది. ఆ తర్వాత ఫిల్మ్ కూర్చునే పట్టాల మీద ట్రేసింగ్ పేపర్ ముక్క బిగుతుగా అతికించి, బీ మీద షట్టర్ తెరిచి, లెన్స్ పూర్తిగా తెరిచిపెట్టి, రెండు మీటర్ల దూరంలో వెలుగుతున్న బల్బుకు గడిలో ఫోకస్ చెయ్యండి. కాగితం మీద బల్బు తలకిందులుగా, స్పష్టంగా పడితే గడీ లెన్సూ ఒకే మాట చెబుతున్నట్టు.

తలుపు అంచుల గాడిలో నల్లటి స్పాంజి ఉంటుంది, యాభై ఏళ్ళకు అది తారులాగా కారుతూ ఉంటుంది. ఇది లోపం కింద లెక్కపెట్టొద్దు. అగ్గిపుల్లకు దూది చుట్టి ఐసోప్రొపిల్ ఆల్కహాల్‌తో తుడిచి గాడిలో నల్లటి ఉన్నిదారం పెట్టండి, వెలుతురు లీకు ఆగిపోతుంది. సెల్ఫ్ టైమర్ లీవర్ జోలికి మాత్రం పోవద్దు. అది ఇరుక్కుంటే షట్టర్ మొత్తం ఇరుక్కుపోవచ్చు, నలుగురూ ఫొటోలో పడాలనే ముచ్చటకు దారినపోయే మనిషిని పిలవండి.

బ్యాటరీల గురించి చాలామంది టెన్షన్ పడతారు. ఈ కెమెరాలకు వాడిన పాదరసం బ్యాటరీలు ఇప్పుడు రావు. కెనానెట్, ఆర్‌సీలకు 1.35 వోల్టులది కావాలి. చెవి మిషన్లలో వేసే 675 నంబరు జింక్ ఎయిర్ బ్యాటరీ 1.4 వోల్టులు ఇస్తుంది, చెవి మిషన్లు అమ్మేచోట దొరుకుతుంది. సైజు చిన్నది కాబట్టి చుట్టూ రబ్బరు రింగు వెయ్యాలి. స్టిక్కర్ పీకిన తర్వాత రెండు మూడు నెలలే, కాబట్టి పీకిన తేదీ రాసుకోండి. యాషికాకు 5.6 వోల్టులు కావాలి, దానికి 6 వోల్టుల 4ఎల్‌ఆర్44 వేసినా ఏమీ అనుకోదు. అది దొరక్కపోతే వాచీ రిపేరు కొట్లో ఎల్‌ఆర్44 నాలుగు కొని ఒకదానిమీద ఒకటి పెట్టి కాగితంలో చుట్టండి, పొడవు చాలకపోతే స్ప్రింగు పెట్టండి. మాది అలాగే నడుస్తోంది.

వాడకంలో రెండే రెండు పెద్ద తప్పులు. ఒకటి లెన్స్ మూత. రేంజ్‌ఫైండర్‌లో మీరు చూసేది లెన్స్‌లోంచి కాదు, పక్క కిటికీలోంచి, కాబట్టి మూత ఉన్నా లోకం వెలిగిపోతూనే కనిపిస్తుంది. లేపాక్షి నందిని నేను పదకొండు కోణాల్లో తీశాను, పదకొండూ చీకటే. కెనానెట్‌కు మీటర్ కన్ను లెన్స్ రింగులోనే ఉంది కాబట్టి ఆటోలో మూత ఉంటే షట్టర్ నొక్కనివ్వదు, యాషికాకు ఆ కన్ను పైన వేరుగా ఉంటుంది కాబట్టి మనల్ని ఆపదు. మేం మూత తీసేసి చవక యూవీ ఫిల్టర్ బిగించేశాం. రెండోది వేడి. మే నెలలో బండి డిక్కీలో కెమెరా పెట్టి టీ తాగడానికి పోయారంటే లోపలి గ్రీజు కరిగి రెక్కల మీదికి పాకుతుంది. సంచి భుజానే ఉండాలి.

పంచుకునే పద్ధతి విషయానికొస్తే, రోల్‌ను పంచుకోవద్దు, కెమెరాను పంచుకోండి. ఒకరి రోల్ అయ్యాకే ఇంకొకరికి. ఒకే రోల్‌లో నలుగురు తీస్తే ఆ మంచి ఫొటో ఎవరిదనే గొడవ చచ్చేదాకా తెగదు, మాకింకా ఒకటి పెండింగులో ఉంది. తప్పనిసరై మధ్యలో ఇవ్వాల్సొస్తే ఎన్నో నంబరు దాకా అయ్యిందో ఫిల్మ్ డబ్బా మీద రాసి, కొస లోపలికి పోకుండా చెవి పెట్టి వింటూ చుట్టి తీసెయ్యండి. తర్వాత మళ్ళీ వేసినప్పుడు లెన్స్‌కు చెయ్యి అడ్డం పెట్టి, చీకటి మూల చూసుకుని, ఆ నంబరు దాటి రెండు ఫ్రేములు ఎక్కువే కొట్టి అక్కడి నుంచి మొదలుపెట్టండి. ఫిల్మ్ స్పీడ్ అందరూ ఒకటే వాడండి, మేం 200 అనుకున్నాం. ఎవరో 400 పెట్టి డయల్ అలాగే వదిలేస్తే వెనకొచ్చేవాళ్ళ రోల్ మొత్తం ఒక స్టాపు (కావలసిన వెలుతురులో సగమే పడి) నల్లబడుతుంది. కెమెరా వెనక మాస్కింగ్ టేపు ముక్క మీద ఫిల్మ్ ఉందా లేదా, స్పీడెంత, బ్యాటరీ ఎప్పుడు వేశాం అనేవి పెన్సిల్‌తో రాస్తాం. చేతులు మారేటప్పుడు షట్టర్ ఎక్కించి ఇవ్వకూడదు. చెడిపోతే ఎవరి వారంలో చెడినా ఖర్చు నలుగురిదీ, కింద పడేస్తే మాత్రం పడేసినవాళ్ళదే. ఇది కొనకముందే మాట్లాడుకోండి.

కళ్ళజోడు ఉన్నవాళ్ళు గుంపులో ఉంటే డబ్బు ఇచ్చేముందు వాళ్ళను ఒకసారి చూడమనండి, ఫొటో హద్దులు చూపే అంచుల గీతలు కనబడకపోతే పాపం వాళ్ళకు ప్రతి ఫొటోలోనూ తలలు తెగుతాయి.

మొదటి రోల్ కళ కోసం కాదు. నలుగురూ ఒకచోట కూర్చుని, ఒకే గోడ, ఒకే మనిషి, ఒకే టవర్, అన్ని స్పీడ్లలో, దగ్గరా దూరం, ఏ ఫ్రేముకు ఏం పెట్టారో నోట్‌బుక్‌లో రాసుకుంటూ కొట్టండి. ఈ కెమెరాలు మీటరులోపు దగ్గరికి పెద్దగా రావు, ఆ హద్దు కూడా అప్పుడే తెలుస్తుంది. ఆ రోల్ బెంగళూరుకో హైదరాబాద్‌కో పోయి స్కాన్లు వచ్చేదాకా ఎవరి పెళ్ళికీ, ఏ తిరునాళ్ళకూ ఈ కెమెరాతో వస్తామని ఒప్పుకోవద్దు.