సాకెట్ కాలింది: ఏం చూడాలి, ఏం మార్చాలి

కడపలో మే నెల వస్తే కూలర్, ఏసీ సాకెట్ల ఫిర్యాదులే ఎక్కువ. ప్లగ్ చుట్టూ గోధుమరంగు మరక, చేపల వాసన, లోపల చిటపట శబ్దం కనిపిస్తే ఆ సాకెట్ వాడకం ఆపాల్సిందే. చాలాసార్లు కారణం వదులైన స్క్రూ. పట్టు సరిగా లేనిచోట నిరోధం పెరిగి వేడి పుడుతుంది. ఎంసీబీకి (కరెంటు పరిమితి దాటితే తనంతట తానే ఆగిపోయే, అంటే ట్రిప్ అయ్యే స్విచ్) ఇది తెలియదు, కరెంటు పరిమితి దాటట్లేదు కదా! అందుకే ట్రిప్ అవ్వదు.

టెస్టర్‌ను ముందు కరెంటున్న పాయింట్‌లో చూసి, మెయిన్ ఆపి, తర్వాత ఈ సాకెట్‌లో ఏ తీగలోనూ కరెంటు లేదని చూసుకోవాలి. నల్లబడిన రాగిని మెరిసే భాగం వచ్చేదాకా కత్తిరించి, 10 మి.మీ. తొక్క తీసి, మడిచి బిగించి, లాగి చూడాలి. సాకెట్ ఐఎస్ఐ గుర్తున్న 16 ఆంపియర్లది వేయాలి. ప్లగ్ పిన్నులు నల్లబడితే ప్లగ్ కూడా మార్చాలి, లేకుంటే కొత్త సాకెట్ కూడా కాలుతుంది. 2000 వాట్ల గీజర్ దాదాపు 9 ఆంపియర్లు తీసుకుంటుంది, 6 ఆంపియర్ల సాకెట్ దానికి పనికిరాదు. ఏసీకి 4 చ.మి.మీ. రాగి వైరు మేలు.

తరచూ ట్రిప్ అవుతోందని పెద్ద ఎంసీబీ వేయించడం మాత్రం వద్దు, వైరు కాలుతుంది.

కొన్ని లైట్లు మసకబారి, కొన్ని మరీ వెలిగితే న్యూట్రల్ (కరెంటు తిరిగి వెళ్లే తీగ) వదులైందని అనుమానించి, వెంటనే మెయిన్ ఆపి ఎలక్ట్రీషియన్‌ను పిలవాలి. మన ఎండలకు ఎర్త్ గుంత ఎండిపోతుంది, అప్పుడప్పుడు నీళ్లు పోయాలి. 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరా ఆపేసే స్విచ్) టెస్ట్ బటన్ నెలకోసారి నొక్కి చూడండి.