502 రాగానే ఎన్‌జిన్‌ఎక్స్ రీస్టార్ట్ చేయకండి

ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి సీజన్ మొదలైందంటే నాకు ఫోన్లు మొదలవుతాయి. "అన్నా, తక్‌పట్టీ కొడుతుంటే 502 అని తెల్ల పేజీ వస్తుంది, రైతులు నిలబడి ఉన్నరు" అని అడ్తి దుకాణంలో గుమాస్తా అంటాడు. తక్‌పట్టీ అంటే రైతుకిచ్చే అమ్మకం చీటీ, 502 అంటే ముందున్న సర్వర్‌కు వెనకున్న యాప్ నుంచి సరైన జవాబు రాలేదని. అక్కడ ఉన్న సెటప్ మామూలుదే, ముందు బ్రౌజర్ రిక్వెస్ట్‌లను అందుకుని వెనక్కి పంపే ఎన్‌జిన్‌ఎక్స్, వెనక 8000 పోర్టులో గునికార్న్ అనే సర్వర్ మీద నడిచే జాంగో (పైథాన్) యాప్. మీ దగ్గర 8080లో టామ్‌క్యాట్ (జావా సర్వర్) ఉన్నా వెతికే తీరు ఇదే.

502 పేజీని చూపించేది ఎన్‌జిన్‌ఎక్సే గానీ, రోగం ఎక్కువ సార్లు దాని వెనకే ఉంటుంది. అందుకే ముందు దాని ఎర్రర్ లాగ్ తెరిచి చివరి నాలుగు లైన్లు చదవండి. బ్రాకెట్‌లో ఒక నంబర్ ఉంటుంది, సగం జవాబు అదే.

111, కనెక్షన్ రెఫ్యూజ్డ్ అని ఉంటే ఆ పోర్టులో వినేవాళ్లే లేరు. ఎస్ఎస్ కమాండ్‌తో ఏ పోర్టులో ఏది నడుస్తుందో చూడండి. యాప్ చచ్చిపోయి ఉంటే సిస్టమ్ లాగ్ చూపించే జర్నల్‌సీటీఎల్‌లో కారణం దొరుకుతుంది. బతికే ఉంటే అడ్రస్ సరిచూడండి, యాప్ 127.0.0.1 (ఆ మెషీన్ సొంత అడ్రస్) మీద వింటుంటే మీరు ఎన్‌జిన్‌ఎక్స్ కాన్ఫిగ్‌లో లోకల్‌హోస్ట్ అని రాశారేమో, అది కొన్ని మెషీన్లలో ఐపీవీ6 అడ్రస్‌కు కూడా పోతుంది. యాప్‌లను విడివిడి కంటైనర్లలో నడిపే డాకర్‌లో అయితే 127.0.0.1 అంటే ఆ కంటైనరే, పక్క కంటైనర్ కాదు.

13, పర్మిషన్ డినైడ్ అని ఉంటే యాప్‌ను ముట్టుకోకండి. రాకీ, ఆల్మా లాంటి లినక్స్‌లలో ఎస్ఈలినక్స్ అనే భద్రతా కాపలా అడ్డుపడుతుంది, హెచ్‌టీటీపీడీ క్యాన్ నెట్‌వర్క్ కనెక్ట్ అనే బూలియన్ (ఆన్/ఆఫ్ స్విచ్) ఆన్ చేస్తే దారి ఇస్తుంది. పోర్టు బదులు యూనిక్స్ సాకెట్ ఫైలు వాడుతుంటే ఆ ఫైలుకే కాదు, దాని పై ఫోల్డర్లన్నిటికీ ఎన్‌జిన్‌ఎక్స్ యూజర్‌కు అనుమతి ఉండాలి.

లాగ్ చూసినా అర్థం కాకపోతే, అదే సర్వర్‌లో కూర్చుని కర్ల్ కమాండ్‌తో నేరుగా 127.0.0.1:8000ని అడగండి, హోస్ట్ హెడర్‌లో మీ డొమైన్ పేరు పెట్టి. ఆ హెడర్ లేకపోతే జాంగో అలౌడ్ హోస్ట్స్ (అనుమతించిన డొమైన్ల జాబితా) దగ్గరే 400 అని తిప్పి పంపొచ్చు, మీరు దాని వెంట పడతారు. ఇక్కడ జవాబు సరిగ్గా వస్తే తప్పు మధ్యలో ఉంది, రాకపోతే యాప్‌లోనే.

ఇక టైమవుట్. అసలు టెన్షన్ పెట్టేది ఇదే. నెల మొత్తం డే బుక్ రిపోర్ట్ అడిగితే పేజీ తిరిగి తిరిగి పడిపోతుంది, వెంటనే అందరూ చేసే పని ఎన్‌జిన్‌ఎక్స్‌లో ప్రాక్సీ రీడ్ టైమవుట్‌ను (యాప్ జవాబు కోసం ఆగే సమయం) 300 సెకన్లు చేయడం. దాని డిఫాల్ట్ 60 సెకన్లు, అది దాటితే 504 వస్తుంది. కానీ గునికార్న్‌లో రిక్వెస్ట్‌లు నడిపే సింక్ వర్కర్‌కు డిఫాల్ట్ గడువు 30 సెకన్లే, అది దాటితే గునికార్న్ మాస్టర్ ప్రాసెస్ ఆ వర్కర్‌ను చంపేస్తుంది. అప్పుడు వచ్చేది 504 కాదు, 502. ఎన్‌జిన్‌ఎక్స్ లాగ్‌లో అప్‌స్ట్రీమ్ ప్రీమెచ్యూర్లీ క్లోజ్డ్ కనెక్షన్ అని, గునికార్న్ లాగ్‌లో అదే నిమిషానికి వర్కర్ టైమవుట్ అని కనిపిస్తుంది. ముందున్న ఎన్‌జిన్‌ఎక్స్‌లో 300 పెట్టినా 3000 పెట్టినా ఉపయోగం లేదు. యాక్సెస్ లాగ్ ఫార్మాట్‌లో అప్‌స్ట్రీమ్ రెస్పాన్స్ టైమ్ కలపండి, ఏ పేజీ ఎన్ని సెకన్లు తింటుందో తెలుస్తుంది, దాని డేటాబేస్ క్వెరీకి ఇండెక్స్ పెట్టండి.

404 వస్తుంటే ప్రాక్సీ పాస్ (రిక్వెస్ట్ ఎక్కడికి పంపాలో చెప్పే లైన్) చివర / గీత చూడండి. లొకేషన్ /ఏపీఐ/ అయినప్పుడు పోర్టు నంబర్ తర్వాత / ఉంటే, /ఏపీఐ/బిల్స్ అనే రిక్వెస్ట్ యాప్‌కు /బిల్స్‌గా చేరుతుంది, లేకపోతే ఉన్నది ఉన్నట్టు పోతుంది. తక్‌పట్టీ ఫోటో ఎక్కిస్తే 413 (ఫైలు మరీ పెద్దది) వస్తే, క్లయింట్ మ్యాక్స్ బాడీ సైజ్ డిఫాల్ట్ 1 ఎంబీ, పెంచండి. లాగిన్ దగ్గర పేజీ గుండ్రంగా తిరుగుతుంటే అసలు రిక్వెస్ట్ హెచ్‌టీటీపీఎస్‌లో వచ్చిందని యాప్‌కు చెప్పే ఎక్స్-ఫార్వర్డెడ్-ప్రోటో హెడర్ పంపడం లేదని, లేదా పంపినా జాంగో దాన్ని నమ్మేలా సెట్టింగ్ పెట్టలేదని అనుమానించండి.

మరి రీస్టార్ట్ చేస్తే కొన్నిసార్లు బాగవుతుంది కదా అంటారు. మామూలుగా ప్రాక్సీ పాస్‌లో పేరు రాస్తే ఎన్‌జిన్‌ఎక్స్ దాని ఐపీని కాన్ఫిగ్ చదివినప్పుడే పట్టుకుంటుంది, తర్వాత యాప్ కంటైనర్ కొత్త ఐపీతో లేస్తే పాత అడ్రస్‌కే పంపుతూ కూర్చుంటుంది. దానికైనా రీలోడ్ (ఆపకుండా కాన్ఫిగ్ మళ్లీ చదివించడం) చాలు, అదీ ఎన్‌జిన్‌ఎక్స్ హైఫన్ టి కొట్టి సింటాక్స్ ఓకే అని చూశాకే. కాన్ఫిగ్ తప్పుంటే రీలోడ్ చేసినా ఎన్‌జిన్‌ఎక్స్ పాత సెట్టింగ్‌తో నడుస్తూనే ఉంటుంది, రీస్టార్ట్ అయితే సైటే లేవదు.