మీటరు బాగుంది, జవాబు లేదు: ఆరుబయట హామ్ (అభిరుచిగా నడిపే రేడియో) యాంటెన్నాలతో సమస్యలు - పరిష్కారాలు

సమస్య: ఖాజాగూడ గుట్ట మీద ట్రైపాడ్‌కి నిలువు విప్ (సన్నని కడ్డీ యాంటెన్నా) బిగించారు. 14 మెగాహెర్ట్జ్‌లో ఎస్‌డబ్ల్యూఆర్ (యాంటెన్నా రేడియోకి ఎంత సరిపోలిందో మీటరు చూపే అంకె) 1:1 ఉంది, అంటే పూర్తిగా సరిపోలినట్టు. గంటసేపు సీక్యూ (‘ఎవరైనా పలకండి’ అనే పిలుపు) పిలిచినా ఎవరూ పలకలేదు.

కారణం: కింద ఉన్నది రాయి. హైదరాబాద్ గుట్టలన్నీ గ్రానైటే. ఎండిన గ్రానైట్‌లో కరెంటు సరిగా పారదు. పావు తరంగం (తరంగదైర్ఘ్యంలో నాలుగో వంతు పొడవున్న) విప్‌కి మంచి నేల దొరికితే ఫీడ్ పాయింట్ (కేబుల్ కలిసే చోటు) దగ్గర సుమారు 36 ఓమ్‌లు ఉంటాయి, రేడియో కోరేది 50, అప్పుడు మీటరు 1.4 దగ్గర ఆగాలి. సరిగ్గా 1:1 వచ్చిందంటే మిగతా 14 ఓమ్‌లు నేలలో నష్టమేమోనని అనుమానించండి. అంటే పది వాట్లు పంపితే మూడు దాకా రాయిని వేడి చేయడానికే పోతాయి. పవర్ మొత్తాన్ని వేడిగా మార్చేసే డమ్మీ లోడ్ కూడా 1:1 చూపిస్తుంది కదా!

పరిష్కారం: రాతిలో మేకు దిగదు, దిగినా లాభం లేదు. ఐదేసి మీటర్ల వైర్లు కనీసం నాలుగు, వీలైతే ఎనిమిది, చుట్టూ నేల మీద పరచండి, వీటినే రేడియల్స్ అంటారు. ఆ తర్వాత విప్ పొడవు మళ్లీ సరిచూసుకోండి. రేడియల్స్ పెరిగేకొద్దీ ఎస్‌డబ్ల్యూఆర్ కాస్త పెరిగితే కంగారు పడకండి, అది మంచి గుర్తు.

సమస్య: గండిపేట దగ్గర అదే తరహా నిలువు యాంటెన్నాతో 7 మెగాహెర్ట్జ్‌లో దూరదేశాలు వినిపిస్తున్నాయి, వరంగల్, విజయవాడ వాళ్లు మాత్రం అందడం లేదు.

నిలువు యాంటెన్నా సిగ్నల్‌ని దిగంతం వైపు పంపుతుంది, దగ్గరి ఊళ్ల మీదుగా దాటిపోతుంది. వాళ్లు కావాలంటే సిగ్నల్ నెత్తిమీదికి వెళ్లి అయనోస్ఫియర్ (రేడియో తరంగాల్ని తిప్పి పంపే పై వాతావరణ పొర) నుంచి తిరిగి కిందికి రావాలి. ఫైబర్ కర్రతో ఐదారు మీటర్ల ఎత్తులో ఇన్వర్టెడ్ వీ డైపోల్ (మధ్యలో ఎత్తి, రెండు చేతులు కిందికి వాలేలా కట్టే వైరు యాంటెన్నా) కట్టండి, ఒక్కో చేయి సుమారు పది మీటర్లు. తెలుగు రాష్ట్రాల మధ్య మాట్లాడుకోవడానికి ఒక్క యాంటెన్నానే మోసుకెళ్లాలంటే నా ఓటు దీనికే. చోటు ఎక్కువ కావాలి, కట్టడానికి సమయం పడుతుంది, అయినా సరే. రాత్రిపూట దగ్గరి ఊళ్లు మాయమైతే మాత్రం తప్పు దానిది కాదు, అయనోస్ఫియర్ పలచబడుతుంది.

సమస్య: ఎండ్‌ఫెడ్ వైరు (ఒక చివర నుంచి సిగ్నల్ ఇచ్చే యాంటెన్నా) వేపచెట్టు మీదుగా వేశారు. రేడియోని ముట్టుకుంటే ఎస్‌డబ్ల్యూఆర్ మారుతోంది, మైక్ చురుక్కుమంటోంది.

వైరుని రేడియోకి సరిపోల్చే 49:1 ట్రాన్స్‌ఫార్మర్ నుంచి తిరుగు కరెంటుకి వేరే దారి లేక కోయాక్స్ (రేడియో కేబుల్) పైపొర మీదుగా మీ చేతిదాకా వస్తోంది. దాని గ్రౌండ్ స్క్రూకి రెండు మీటర్ల వైరు తగిలించండి. రేడియో దగ్గర కోయాక్స్‌ని ఫెర్రైట్ (అయస్కాంత పదార్థపు) రింగుకి పదిచుట్లు చుట్టండి. ట్రాన్స్‌ఫార్మర్ పెట్టె వేడెక్కుతూ ఎస్‌డబ్ల్యూఆర్ మెల్లగా మారుతుంటే పవర్ తగ్గించండి. వైరు విసిరేముందు చుట్టుపక్కల కరెంటు తీగలు ఉన్నాయేమో చూడండి. ఉంటే ఆ చెట్టు వద్దు.

ఇక ఏ యాంటెన్నాతోనైనా ఒకటే హోరు వస్తుంటే ముందు పవర్‌బ్యాంక్, ల్యాప్‌టాప్ ఛార్జర్ పీకి చూడండి. అప్పటికీ తగ్గకపోతే కరెంటు లైన్లకు దూరంగా జరగండి.